నాన్నంత ఎత్తు కొవ్వొత్తి

ఆ రోజుల్లో మా చిక్కడపల్లిలో ఏ దేవుడికి మొక్కాలన్నది మతాన్ని బట్టి కాదు, పక్కింటివాళ్ళకు ఎవరు పలికారన్నదాన్ని బట్టి ఉండేది. కడుపు ఆపరేషన్ అయ్యాక నాన్న మంచం మీంచి లేవలేకపోతుంటే, మా ఇంట్లో కిరాయికుండే నర్సక్క "బెజవాడ గుణదల కొండ మీది మరియమ్మ తల్లికి మొక్కు చిన్నమ్మా, లేపి నిలబెడ్తది" అంది. అమ్మ వెంటనే నాన్నంత ఎత్తు కొవ్వొత్తి మొక్కేసింది. (కాస్త తగ్గించి మొక్కుకోవచ్చని ఆమెకు తోచలేదు. నాన్న మా గల్లీకంతా పొడగరి.)

నాన్న లేచారు. ముషీరాబాద్‌లో చేయించిన కొవ్వొత్తి మండుటెండల్లో ఇంటికొచ్చింది. అమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పాత పంచె చుట్టి, మొక్కు వస్తువు పడుకోబెట్టకూడదని శాసించింది. దాంతో అమ్మా నాన్నా నర్సక్కతో కలిసి ఎక్కిన విజయవాడ బస్సులో, కిటికీ పక్కన దాన్ని నిలబెట్టి పట్టుకునే భాగ్యం, అప్పుడప్పుడే మీసాలొస్తున్న నాకు దక్కింది. కండక్టర్ దాన్ని కిందినుంచి మీదికి చూసి "ఏందన్నా, ఈయనకు టికెట్ తీస్కోలే?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను సిగ్గుతో కళ్ళు మూసుకుని, అలాగే నిద్రపోయాను. సూర్యాపేటలో మెలకువ వచ్చేసరికి కొవ్వొత్తి ఎండకు మెత్తబడి, నడుం దగ్గర వంగి, ముందు సీటు పెద్దాయన భుజం మీద తల వాల్చింది. "నువ్వే పండుకున్నవనుకొని కదల్లే బిడ్డా" అన్నాడాయన.

నేను దాన్ని సరిచేయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దురా, ఇరుగుతది! మొక్కు చెడితే మీ నాయిన మళ్ల మంచాన పడ్తడు." ఆమె నిజంగానే భయపడుతోంది. నాకొస్తున్న నవ్వు ఆగిపోయింది.

ఎప్పుడో ఒక విదేశీ ఫాదర్ గారు ఆ కొండ గుహలో మరియమ్మను నిలిపారనీ, అప్పట్లో వచ్చేది గుప్పెడు జనమేననీ నర్సక్క మెట్లెక్కుతూ చెప్పింది. కొబ్బరికాయలు, గీయించుకున్న గుండ్లు, పిల్లల కోసం కట్టిన ఉయ్యాలలు చూసి అమ్మకు అది పరాయి చోటనిపించలేదు. కానీ తిన్నని కొవ్వొత్తుల మధ్య మాది నిలబడితేనా! "తల్లీ, నేను సీదానే తెచ్చిన" అంటూ అక్కడే ఏడ్చేసింది.

కుట్లు లాగుతుంటే నడుం వంచి నడుస్తున్న నాన్న, మెల్లగా వచ్చి కొవ్వొత్తి పక్కన నిలబడ్డారు. ఇద్దరి ఎత్తూ ఒక్కటే.

"ఎందుకేడుస్తవే? నేనిప్పుడు గింతనే ఉన్న. ఆ తల్లి సరిగ్గనే కొలుచుకున్నది."

అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నేనూ నాన్నా చెరోవైపు పట్టుకుంటే తనే వెలిగించింది. ఆ తర్వాత నాన్న చాలాకాలం బతికారు. అది మరియమ్మ చలవేనని, మా ఇంటి దేవుళ్ళ ఎదుటే చెప్పేది అమ్మ.

మొన్న మళ్ళీ వెళ్ళాను. గుహ అదే. జనం మాత్రం ఒక చేత్తో కొవ్వొత్తి, ఒక చేత్తో సెల్‌ఫోన్ పట్టుకుని ఎక్కుతున్నారు. సగం మెట్ల మీద ఆయాసపడి, నడుం వంగిపోయి ఆగితే, మా అమ్మాయి ఫోన్ ఎత్తి "డాడీ, జర సీదా నిలబడు, ఫొటో తీస్త" అంది.

"నిలబడ్డ బిడ్డా" అన్నాను. "ఇదే నా సీదా."