ఎర్రదీపం వెలిగిన పదకొండు నిమిషాలు

ఆయన్ని ఆ పేటలో అందరూ ఉష్ బాబాయ్ అంటారు. అసలు పేరొకటి జీతాల రిజిస్టరులో ఉంది గాని, దానితో ఎవరికీ పని పడలేదు. సినిమా స్టూడియోలో పెద్ద షూటింగు హాలు తలుపుకి కాపలా ఆయన. కాపలా అంటే దొంగల్ని పట్టేది కాదు, చప్పుళ్ళని పట్టేది. తలుపు మీద ఎర్రదీపం వెలిగిందంటే లోపల కెమెరా తిరుగుతున్నట్టు. అది ఆరేదాకా ఆ తలుపు తెరుచుకోదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఒకసారి డబ్బు పెట్టిన నిర్మాతే ఆలస్యంగా వచ్చి, బయట నిలబడి, తలుపుకున్న చిన్న అద్దంలోంచి చేతులూపాడు. ఈయన పెదాల మీద వేలు పెట్టి చూపించాడే గాని గడియ మీద చెయ్యి వెయ్యలేదు. ఆ సంగతి చెప్పుకుని స్టూడియో అంతా ఏడాదిపాటు నవ్వింది.

అలాంటి మనిషికి దొరికిన ఇల్లాలు చూడండి, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అదే స్టూడియోలో, ఆవరణకి అటు చివర బట్టల గదిలో పని ఆవిడది. కొత్త బట్టల్ని పాతబట్టలు చెయ్యాలి. నాలుగైదుసార్లు ఉతికి, మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్ది, టీ డికాక్షన్లో ముంచి ఆరేస్తే, నిన్న కొన్న చొక్కా పదేళ్ళు కష్టపడినవాడి చొక్కా అయ్యేది. చేతులు ఆ పని చేస్తుంటే నోరు తన పని తాను చేసుకుపోయేది. "మా ఆయన జనం నోళ్ళు మూయించి సంపాదిస్తాడు, నేను బంగారంలాంటి బట్టలు పాడుచేసి సంపాదిస్తాను. ఇదీ మా సంసారం" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆవిడ నోరు మూతపడే చోటు ఒకటే ఉంది, ఆ తలుపు పక్కనున్న చెక్కబల్ల. రోజూ పన్నెండున్నరకి స్టీలు డబ్బాలో ఆయన భోజనం తెచ్చి ఆ బల్ల మీద కూర్చునేది. దీపం వెలుగుతుంటే ఆరేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లలా ఉండేది. జన్మలో ఒక్కసారైనా ఇంట్లో నా మాట ఇలా విన్నావా అని ఆయన మురిపెంగా దెప్పేవాడు. "నేను వింటున్నది దీపం మాట, మీ మాట కాదు" అనేది ఆవిడ.

ఆ బల్ల మీదే ఆవిడ ప్రాణం పోయింది. దీపం వెలుగుతుండగా, తలుపుకి అవతల మొగుడు నిలబడి ఉండగా పోయింది. చెప్పడానికి నోరు రాదు గాని, చెప్పక తప్పదు.

ఆ స్టూడియో ఒకప్పుడు నూలుమిల్లు. ఆయన అందులో ఫిట్టరు. రెండు వందల యంత్రాల హోరులో ఏ మూల ఏ బేరింగు అరిగిందో చెవితోనే పట్టేసేవాడు. మిల్లు మూతపడ్డాక తొమ్మిదేళ్ళు ఆ చెవికి పని లేకపోయింది. పేటకీ పని లేకపోయింది. అప్పుడు ప్రభుత్వం వాళ్ళు ఒక ఉత్తర్వు తీశారు. ఇక్కడికొచ్చి సినిమా తీసి, ఇక్కడివాళ్ళకే పనులిచ్చే కంపెనీలకి, ఖర్చులో నాలుగో వంతు పన్నులో మాఫీ చేస్తామన్నారు. పేటలో ఎవరికీ అర్థం కాకపోతే ఆయన భార్యే వీధి కుళాయి దగ్గర నిలబడి విడమరిచి చెప్పింది. మన కొట్టువాడు మూడు సబ్బులు కొంటే నాలుగోది ఊరికే ఇస్తాడు చూడండి, ఇదీ అంతే, సబ్బు మీద ప్రేమ కాదు, జనం మన కొట్టుకే రావాలని. మరి పక్క వీధివాడు రెండు కొంటే మూడోది ఊరికే ఇస్తానంటే? అని ఆయన అడిగాడు. మన కొట్టు మూసుకోవడమే, అంది.

అలా మిల్లు గోడౌన్లు షూటింగు హాళ్ళయ్యాయి. వడ్రంగులు ఉత్తుత్తి రాజమహళ్ళు కట్టారు. గోడలకి సున్నాలు వేసేవాళ్ళు చెక్క మీద చలవరాయి గీతలు గీయడం నేర్చుకున్నారు. దర్జీల దగ్గర మిషన్లు రెండింతలయ్యాయి. ఏళ్ళ తరబడి తాళాలు పడ్డ ఇళ్ళకి మళ్ళీ అద్దెకి మనుషులొచ్చారు. ఇంతమంది అన్నమూ ఆ ఉత్తర్వు మీదే ఉందని అందరికీ తెలుసు. దానికొక గడువుందని కూడా తెలుసు.

గడువు తీరే రోజున ఒక సినిమాకి ఒకే ఒక్క షాటు మిగిలింది. సాయంత్రం అయిదులోగా షూటింగు పూర్తయిందని పన్నుల ఆఫీసులో కాగితం అందితేనే మాఫీ. ఆ షాటు పదకొండు నిమిషాలు, మధ్యలో కోత లేదు. మంచం మీద తల్లి, పక్కన కూతురు, గుసగుసగా మాటలు. ముందురోజు రెండుసార్లు తీస్తే ఒకసారి పావురం చెడగొట్టింది, ఒకసారి లారీ హారను. తల్లి వేషం వేసిన పెద్దనటికి మధ్యాహ్నం విమానం. పొద్దున్నే ప్రొడక్షన్ మేనేజరు ఆయన దగ్గరికొచ్చి, ఇది గనక పోతే రావలసిన రెండు సినిమాలూ పక్క రాష్ట్రానికి తరలిపోతాయని, పేటంతా ఇవాళ మీ చేతుల్లో ఉందని చెప్పి చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన ఆ రోజు చేసినంత పని ఏ రోజూ చెయ్యలేదు. నీళ్ళ పంపు ఆపించాడు. గేటు మూయించి, వీధి మలుపులో మనిషిని పెట్టి బళ్ళు మళ్ళించాడు. వడ్రంగుల చేతుల్లో సుత్తులు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. దీపం వెలిగాక ఆవరణలో పిట్ట కూడా తిరగకూడదని, ఎవరి గదుల్లో వాళ్ళు తలుపులేసుకుని కూర్చోవాలని గదిగదికీ వెళ్ళి చెప్పాడు. బట్టల గదిలోనూ చెప్పాడు. అందరూ విన్నారు. ఆవరణలో పడిపోయిన మనిషిని చూసే కన్ను ఒక్కటి కూడా లేకుండా చేసింది ఆయనే.

ఆ పొద్దున ఇంటి దగ్గర ఆవిడ మామూలుగానే గలగలా మాట్లాడింది. పక్కింటివాళ్ళ కుళాయి కారుతోందని, గుండీలు నాసిరకం వస్తున్నాయని, కూతురు రెండు రోజులుగా ఇంటికి రాలేదని, తెల్లారుజాము నుంచి ఎడమ భుజం లాగుతోందని, ఎదురింటి పిల్లకి ఉద్యోగం వచ్చిందని. ఆయన అన్నిటికీ ఒకే 'ఊఁ' కొట్టాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాటల వాన తల మీంచి పోనివ్వడం ఆయనకి అలవాటైపోయింది. అందులో ఒక్క మాట ఏరుకోవలసింది ఉందని తెలియలేదు.

పదీ నలభైకి దీపం వెలిగింది. హాలుకి రెండు తలుపులు, మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు. ఆయన అందులో నిలబడ్డాడు. బయటి తలుపుకి అరచేయంత అద్దం. మూడో నిమిషంలో అద్దంలోంచి భార్య కనిపించింది. ఖాళీ ఆవరణలో డబ్బా పట్టుకుని నెమ్మదిగా నడిచి వస్తోంది. భోజనం వేళ కాదు. ఆ సంగతి ఆయనకి తట్టింది, తట్టి కూడా, పనుల హడావుడిలో ముందే తెచ్చేసింది కాబోలు అనుకున్నాడు. ఆవిడ తలుపు దగ్గరకొచ్చింది. ముఖమంతా చెమట. అద్దానికి దగ్గరగా చెయ్యి ఎత్తింది, నోరు తెరవబోయింది.

ఆయన పెదాల మీద వేలు పెట్టాడు.

ఆవిడ నోరు మూసేసింది. సరేనన్నట్టు తలూపి పక్కకి తప్పుకుంది. బల్ల తలుపుకి పక్కగా ఉంది, అద్దంలోంచి కనపడదు.

ఏడో నిమిషంలో బయట ఠంగుమంది. తర్వాత మూత దొర్లిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ పేరు, పేటంతటి అన్నం, అన్నీ సొంత పెళ్ళాం చేతిలో డబ్బా పాలయ్యాయనుకున్నాడు. లోపల ఎవరూ షాటు ఆపలేదు. మిగిలిన నాలుగు నిమిషాలూ ఆయన పళ్ళు నూరుకుంటూ, బయటికెళ్ళగానే ఏమని తిట్టాలో మాటలు కూర్చుకుంటూ నిలబడ్డాడు. పాపం, ఆ నాలుగు నిమిషాలే ఆయన్ని ఇప్పటికీ తినేస్తున్నాయి.

దీపం ఆరింది. లోపల చప్పట్లు, ఈలలు. ఆయన తలుపు తోసుకుని "నీకు ఇవాళే దొరికిందా" అంటూనే బయటికొచ్చాడు. ఆవిడ గోడకి జారగిలబడి ఉంది. తల ఒక పక్కకి వాలింది. నోరు మూసే ఉంది. అన్నం మెతుకులు నేలంతా పడి ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు, ఒక్క పది నిమిషాల ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళం అన్నాడు. పదకొండు నిమిషాలు నిలబడ్డవాడితో ఆ మాట అన్నానని డాక్టరుకి తెలియదు.

సాయంత్రం అయిదులోపల ఆఫీసుకి కాగితం అందింది. మర్నాడు పేపర్లో పడింది, ఆ గడువుని ఇంకో ఏడాది పొడిగించారని. పరామర్శకొచ్చిన మేనేజరు చేతులు నలుపుకుంటూ ఆ మాట చెప్పి, ఇంకేం చెప్పాలో తెలియక, షాటు మాత్రం అద్భుతంగా వచ్చింది బాబాయ్, అంతా మీ చలవే, అన్నాడు. పుండు మీద కారం చల్లాలని కాదు, ఓదార్పు అనుకునే అన్నాడు.

ఆయన పదిరోజులకే పనిలోకి వచ్చేశాడు. ఇంట్లో ఉండలేకపోయాడు. చీమ చిటుక్కుమంటే ఊరుకోని మనిషి ఇంటికెళ్ళగానే రేడియో పెట్టేవాడు, కుళాయి తిప్పి వదిలేసేవాడు. ఏదో ఒకటి మోగుతుండాలి. స్టూడియోకేం, దివ్యంగా ఉంది. రావలసిన రెండు సినిమాలూ వచ్చాయి. వెనక ఇంకో హాలు కడుతున్నారు. పేటలో మళ్ళీ పెళ్ళిళ్ళవుతున్నాయి, మేడలు లేస్తున్నాయి. అది కళ్ళారా చూసి వీధి వీధీ తిరిగి చెప్పుకోవలసిన మనిషి లేదు.

కూతురు పక్కవీధిలోనే కాపురం. తల్లి పోయాక ఆవిడ పనే చేస్తోంది, అదే గదిలో. రోజూ వంట చేసి తెచ్చి పెట్టేది గాని ఆ రోజు ఊసెత్తేది కాదు. ఎనిమిది నెలలకి, సినిమా విడుదల తేదీ గోడల మీద అంటించిన రోజున, కంచం ముందు పెట్టి అడిగింది.

"నాన్నా, అమ్మ నిన్ను పిలిచిందా?"

ఆయన ముద్ద కిందపెట్టేశాడు.

"నీ చెవి నాకు తెలుసు కదా. అమ్మ పిలిస్తే నీకు వినపడకుండా ఉండదు. విని కూడా తలుపు తియ్యలేదా? అదొక్కటి చెప్పు. ఏదైనా ఫరవాలేదు, నాకు తెలియాలి."

పిలవలేదనే ఆయన మొదట్లో అనుకున్నాడు. కాని రోజులు గడిచేకొద్దీ, కళ్ళు మూసుకుంటే చాలు, ఏమండీ అని సన్నటి పిలుపు వినిపించడం మొదలైంది. అది ఆ రోజు విన్నదో, తర్వాత పుట్టిందో తేల్చుకోలేకపోయాడు. రేపు చెప్తానమ్మా, అన్నాడు.

తన చెవిని మించిన చెవి ఒకటి ఆ రోజు హాల్లో ఉంది. మైకు. మర్నాడు ఆయన సౌండు గదికి వెళ్ళాడు. అక్కడి ఇంజనీరు కొత్తగా చేరినవాడు, షూటింగు రోజున లేడు, మనిషి మంచివాడు. ఆ షాటు ఒకసారి, ఏమీ దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు వినిపించమని అడిగితే, ఎందుకని కూడా అడక్కుండా కుర్చీ వేసి, చెవులకి హెడ్‌ఫోను పెట్టాడు.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తల్లి గుసగుస. దుప్పటి సర్దిన సవ్వడి. మూడో నిమిషం దాటింది. ఇప్పుడు ఆవిడ వచ్చి అద్దం ముందు నిలబడి ఉంటుంది. ఇప్పుడు బల్ల మీద కూర్చుని ఉంటుంది. నాలుగు, అయిదు, ఆరు. ఆ నటి ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. పిలుపు లేదు. మూలుగు లేదు. గోడ మీద చేత్తో తట్టిన చప్పుడైనా లేదు. అంత బాధలో ఆ వాగుడు మనిషి, అద్దానికవతల ఉన్న మొగుడి పరువు కోసం, పేట అన్నం కోసం, నాలుగు నిమిషాలు నోరు నొక్కుకుని కూర్చుంది. తర్వాత ఠంగుమంది. ఎక్కడో దూరంగా, చాలా చిన్నగా. మూత దొర్లింది, ఆగింది.

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారడం చూసి ఇంజనీరు కంగారుపడ్డాడు. గభాలున ఆపేసి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ చప్పుడే కదా బాబాయ్ మీ దిగులు? ఊరుకోండి. దాన్ని ఎప్పుడో తీసేశాం. సినిమాలో ఎవ్వరికీ వినపడదు."

మంచిపని చేశావు నాయనా, అన్నాడు ఆయన. ఇంకొక్కసారి వినిపించమని అడగాలని ఉంది. హెడ్‌ఫోను తీసి అతని చేతికిచ్చి లేచాడు.

బయట ఎండగా ఉంది. పెద్ద హాలు దగ్గర దీపం వెలగడం లేదు. కూతురు డబ్బాతో వచ్చి బల్ల మీద కూర్చుని ఉంది. ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మీ అమ్మ పిలవలేదమ్మా" అన్నాడు. "నేను ఊరుకోమన్నాను, ఊరుకుంది. జన్మలో నా మాట విన్నది ఆ ఒక్కసారే."