ఖుషీ అడగని చెయ్యి

ఈ రోజు పొద్దున గ్యాస్ బండ తెచ్చిన మనిషి చాయ్ పైసలు అడగకుండా వెళ్ళిపోయాడు. మిర్యాలగూడలో మేం కాపురం పెట్టినప్పటి నుంచి ఆయన అట్లా వెళ్ళడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ బండను వంటింట్లో దించి, భుజం మీది తువ్వాలతో మెడ తుడుచుకుని, గుమ్మం దాటి చెప్పులు వేసుకుని, అప్పుడే ఏదో గుర్తుకొచ్చినట్టు వెనక్కి తిరిగి తల గోక్కుంటాడు. "చాయ్ పైసలమ్మా" అని ఆయన అనకముందే నేను పోపుల డబ్బాలోంచి నోటు తీసి పట్టుకుని ఉంటాను. ఇవాళా పట్టుకునే ఉన్నాను. ఆయన బండ దించాడు. ముందు గదిలో మంచం మీద నిన్నటి నుంచి జ్వరంతో పడుకున్న మా పాప వైపు చూశాడు. "పాపకు పానం బాగలేదా అమ్మా?" అన్నాడు. నా జవాబు వినకుండానే మెట్లు దిగిపోయాడు. నేను నోటు పట్టుకుని గుమ్మంలో అట్లాగే నిలబడ్డాను. తరువాత లోపలికి పరుగెత్తి పాప నుదుటి మీద చెయ్యి పెట్టాను.

మావారు రైసుమిల్లులో లెక్కలు చూస్తారు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే నవ్వారు. "పైసలు మిగిలినయి గదా, దానికి గూడ భయమేనా నీకు?" అన్నారు. నా భయాల చిట్టా ఆయనకు కంఠతా వచ్చు: పాప దగ్గితే భయం, దగ్గకుండా ఎక్కువసేపు నిద్రపోతే భయం. కాని ఈ భయం ఎక్కడ పుట్టిందో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెయ్యి చాపి అడిగేవాళ్ళను చూస్తే నాకు కోపం రాదు, ప్రాణం కుదుటపడుతుంది. ఎప్పుడూ అడిగేవాళ్ళు ఒకనాడు అడగకపోతే మాత్రం ఇంట్లో ఎవరికేమయిందోనని వెతుక్కుంటాను. ఇప్పుడు ఇంట్లో అందరూ నిద్రపోయారు, నేను పాప మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను.

మా చిన్నప్పుడు మేం సూర్యాపేటలో ఉండేవాళ్ళం. నాన్న బడిపంతులు. లోకంలోని కష్టాలన్నీ ఓర్చుకోగలరు గాని, జీతం తీసుకునే మనిషి మళ్ళీ చెయ్యి చాపితే మాత్రం ఓర్చుకోలేరు. ఆ చాపిన చేతికి ఒక్కోచోట ఒక్కో పేరు ఉండేది. హోటల్లో టిప్పు, ఆఫీసు బంట్రోతుకు చాయ్ పైసలు, దసరాకు వచ్చే పోస్టుమ్యానుకూ చాకలికీ మామూలు, పెళ్ళిలో బ్యాండువాళ్ళకు ఇనాం. పేరేదైనా నాన్న జవాబు ఒకటే, "జీతం ఇస్తలేరా?" బస్టాండు దగ్గరి హోటల్లో మేం ఇడ్లీ తిన్నాక, సర్వరు సోంపు పోసిన చిన్న ప్లేటులో చిల్లర తెచ్చిపెట్టి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తూ నిలబడేవాడు. నాన్న ఆ సోంపు గింజల్లోంచి నాణేలు ఒక్కొక్కటే ఏరుకుని జేబులో వేసుకునేవారు. అమ్మ అందరికంటే చివర లేచేది. సోంపు తీసుకుంటున్నట్టు చెయ్యి పెట్టి, కొంగు ముడిలోంచి తీసిన పావలా ఆ గింజల కింద దాచేది. మేం బయటికి నడుస్తుంటే సర్వరు వచ్చి నాన్నకే వంగి దండం పెట్టేవాడు. "చూసినవా, ఇయ్యకున్నా మర్యాద ఉంటది" అనేవారు నాన్న. అమ్మ సోంపు నములుతూ, అవునన్నట్టు తల ఊపేది.

దవాఖానలో దాని పేరు ఖుషీ. ఆ మాట నేను మొదట విన్నది మా అక్క తొలి కాన్పు నాడు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. అక్కను ఊళ్ళోనే ఒక చిన్న కాన్పుల దవాఖానకు తీసుకుపోయారు. ఇప్పుడది లేదు, ఆ జాగాలో ఎరువుల దుకాణం ఉంది. పొడవాటి వరండా, దాని చివర ఆకుపచ్చ తెర కట్టిన తలుపు, ఆ తలుపు వెనక కాన్పుల గది. వరండా అంతా ఫినాయిలు వాసన, దాని మీద బత్తాయి తొక్కల వాసన, చాపల మీద ముసలమ్మల మూటల వాసన. ఆ తలుపుకు మహారాణి ఆయమ్మ. పొట్టి మనిషి, పాన్ నమిలి ఎర్రబడిన పెదవులు, మోచేతుల దాకా ఆకుపచ్చ మట్టిగాజులు. ఎవరికి కాన్పు అయినా ముందు తెర కదిలేది, తరువాత గాజుల చెయ్యి బయటికి వచ్చేది, ఆ వెనకాల మనిషి వచ్చేది. "మగపిల్లగాడు! నన్ను ఖుషీ చెయ్యుండ్రి" అనేది. ఆడపిల్లయితే, "లచ్చిందేవి వచ్చింది. లచ్చిందేవి వస్తే పైసలకు కరువా?" అనేది. తుంగతుర్తి నుంచి వచ్చిన ఒక తాత పంచె చెంగు ముడి విప్పడంలో ఆలస్యం చేస్తుంటే, "నువ్వు ఆ ముడి విప్పేసరికి నీ మనుమడు బడికి పోతడు తాతా" అంది. వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నాన్న నవ్వలేదు. ఆ రోజు పొద్దున్నే ఆయనకూ ఆయమ్మకూ మాటా మాటా అయింది. అక్కకు దుప్పటి మార్చి, వేడినీళ్ళు తెచ్చిపెట్టి, ఆయమ్మ చాయ్ పైసలు అడిగింది. నాన్న వరండాలో అందరూ వినేటట్టు, "నీకు జీతం ఇస్తలేరా? పిల్లలకు పాఠం చెప్పి నేను ఎవరి ముందరన్న చెయ్యి చాపుతున్ననా?" అన్నారు. ఆయమ్మ పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. "నీ కాడ పిల్లగాడు ఫెయిలైనా ఇంటికి పోతడు సార్. మా కాడ గట్ల గాదు" అని లోపలికి పోయింది. అమ్మ మొహం పాలిపోయింది. "ఆమె చేతుల మన పిల్ల ఉన్నది. గిప్పుడే చెప్పాల్నా గా మాట?" అంది నాన్నతో. ఆయన పేపరు తెరిచారు గాని, చాలాసేపు పేజీ తిప్పలేదు.

మా పక్కన చాప మీద పెన్‌పహాడ్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. కోడలికి కాన్పు. పొద్దుటి నుంచి మాకు బత్తాయి తొనలు ఒలిచి ఇస్తూ, పుట్టబోయే మనుమడికి ఏ దేవుడి పేరు పెట్టాలో అమ్మను అడుగుతోంది. ఖుషీ పైసలు జేబురుమాలులో మూటగట్టి రొంటిన దోపుకుంది. ఎండ వరండా మెట్ల మీదికి వచ్చిన వేళ తెర కదిలింది. చెయ్యి రాలేదు. ఆయమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని బయటికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా నల్లా దగ్గరికి నడిచింది. ముసలమ్మ రుమాలు చేత్తో పట్టుకుని లేచింది. "బిడ్డా, మా కోడలు..." అంది. "కూసో అవ్వా. డాక్టరమ్మ పిలుస్తది" అంది ఆయమ్మ నీళ్ళ వైపే చూస్తూ. అంతే. ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా వరండాలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. ముసలమ్మ రుమాలును మళ్ళీ రొంటిన దోపుకోబోయింది, అది జారి చాప మీద పడింది. అమ్మ నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే, నా గాజు ఒకటి విరిగింది.

మధ్యాహ్నం దాటింది. లోపల ఇక మిగిలింది మా అక్క ఒక్కతే. అంతసేపూ వినిపించిన అక్క కేకలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. తెర కదిలింది. చెయ్యి రాలేదు. ఆయమ్మ చేతులు కొంగులో చుట్టుకుని మా ముందు నుంచే నడిచిపోయింది.

ఆ కాసేపట్లో మేం పడిన నరకం చెప్పడానికి నాకు ఇన్నేళ్ళ తరువాత కూడా మాటలు సరిపోవు. ఆమె ఎందుకు అడగలేదు? పొద్దుటి మాటకు కోపం వచ్చి అడగలేదా? లేక పెన్‌పహాడ్ అవ్వను ఏ కారణంతో అడగలేదో, అదే కారణంతో మమ్మల్నీ అడగలేదా? ఆమెకు కోపం వచ్చి ఉండాలని, మా మీద పగబట్టి ఉండాలని నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అమ్మ ఆమె వెంట నల్లా దాకా పరుగెత్తింది.

"అక్కా, మా బిడ్డ ఎట్లున్నది?"

"ఇంక కాలే."

"మరి నువ్వెందుకు అడుగుతలేవు? నోరు తెరిచి అడుగు తల్లీ. ఎంతన్న అడుగు, నీ కాళ్ళు మొక్కుత."

"జీతం ఇస్తున్నరని సార్ చెప్పిండు గద? జీతం పని చేస్తున్న."

ఆ మాటలో కోపం ఉందో, జాలి ఉందో పోల్చుకోలేకపోయాం. అప్పుడు నాన్న లేచారు. జేబులో ఉన్న నోట్లన్నీ తీసి, జీవితంలో మొదటిసారి తానే చెయ్యి చాపి, "తీసుకోమ్మా" అన్నారు. ఆయమ్మ నిప్పును చూసినట్టు ఒక అడుగు వెనక్కి వేసింది. "ముందుగాల పడితే అచ్చిరాదు సార్. జేబుల పెట్టు" అని తెర వెనక్కి పోయింది. నాన్న నోట్లు జేబులో పెట్టలేదు. చాపిన చెయ్యి చాపినట్టే బల్ల మీద కూర్చుండిపోయారు. చెమటకు ఆ నోట్లు తడిసి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఎంతసేపయిందో నాకు తెలియదు. తెర కదిలింది. ముందు ఆకుపచ్చ గాజుల చెయ్యి వచ్చింది. ఆ వేళ్ళు బయటికి వచ్చి, అరచెయ్యి తెరుచుకోవడం చూసి అమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చేసింది. "పంతులు సారోల్లు ఎవరు?" అంది ఆయమ్మ, మమ్మల్ని ఎన్నడూ చూడనట్టే. "లచ్చిందేవి. తల్లి బాగనే ఉన్నది. ఏది నా ఖుషీ?" నాన్న ఆ తడి నోట్లన్నీ ఆమె చేతిలో పెట్టారు. ఆమె వాటిని రొంటిన దోపుకుని మళ్ళీ చెయ్యి చాపింది. "ఇది లచ్చిందేవికి. పొద్దుగాల అన్న మాటకు వేరే ఇయ్యాలె." నాన్న జేబు అడుగున ఉన్న చిల్లర కూడా తీసి పోశారు. వాటిల్లో ఏ సోంపు ప్లేటులోంచి ఏరుకున్న నాణేలు ఉన్నాయో! నేను నవ్వుతూ పెన్‌పహాడ్ అవ్వ వైపు తిరిగాను. ఆమె చాప ఖాళీగా ఉంది. ఒలిచిన బత్తాయి తొక్కలు మాత్రం ఒక పక్కకు కుప్పపోసి ఉన్నాయి.

ఆ తరువాత నాన్నకు కోదాడకు బదిలీ అయింది. నా చదువు, పెళ్ళి అయ్యాయి, నా కాన్పుకు కోదాడ వెళ్ళాను. అక్కడి నర్సింగ్ హోం అద్దంలా ఉండేది. గోడ మీద పెద్ద బోర్డు: సిబ్బందికి ఎవరూ డబ్బులు ఇవ్వరాదు. నాన్న ఆ బోర్డును రెండుసార్లు చదివి, "దవాఖాన అంటే గిట్లుండాలె" అని మురిసిపోయారు. నాకు ఆపరేషన్ చేశారు. మత్తు వదులుతున్నప్పుడు నాకు కళ్ళు తెరవడం రాలేదు గాని, చెవులు పనిచేస్తున్నాయి. పక్కన ఏడుపు లేదు. తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాను. నర్సమ్మ బయట అమ్మతో, "కూర్చోండమ్మా, డాక్టరుగారు పిలుస్తారు" అంది. నేను ఊపిరి బిగబట్టి తరువాతి మాట కోసం చూశాను. ఖుషీ అనే ఆ ఒక్క మాట కోసం. అది రాలేదు. ఒక్క క్షణం తరువాత వరండాలో అమ్మ ఘొల్లుమంది.

అంత చీకటి నేను మళ్ళీ చూడలేదు. నా బిడ్డ లేదు అనుకున్నాను. ఇంతలో బయట నర్సమ్మ కంగారుగా, "అయ్యో, ఎందుకండీ ఏడుస్తారు? పాప బాగానే ఉందండీ, ఒళ్ళు తుడుస్తున్నారు" అంటోంది. "మరి నువ్వు ఖుషీ అడగలే గదమ్మా!" అంటోంది అమ్మ. "మేం అడగకూడదండీ, బోర్డు చూళ్ళేదా? ఉద్యోగం పోద్దండీ." "నువ్వు తీసుకోకుంటే నేనెట్ల నమ్మాలె బిడ్డా?" ఆ తరువాత విన్న గొంతు నాన్నది. బోర్డు కిందే నిలబడ్డారట, మెల్లగా, బతిమాలుతూ అన్నారు, "తీసుకోమ్మా. మా కోసం తీసుకో."

నర్సమ్మ తీసుకుంది. సాయంత్రం పాపను నా పక్కలో పడుకోబెట్టినప్పుడు, పొత్తిగుడ్డ మడతలో ఆ నోటు కనబడింది. ఎప్పుడు పెట్టిందో ఏమో. ఆ నర్సమ్మ మంచితనానికి నేను సంతోషపడ్డాను గాని, అమ్మ నోటును చూసి బిగుసుకుపోయింది. పురుడు వెళ్ళేదాకా పాప మంచం పక్క నుంచి కదలలేదు. "తిరిగిచ్చింది, తిరిగిచ్చింది" అని తనలో తాను గొణుక్కునేది. నేను చదువుకున్నదాన్ని, అమ్మను మందలించాను. మందలిస్తూనే, ఆమె నిద్రపోయాక నేను మేలుకుని పాప ఊపిరి వినేదాన్ని.

ఇవాళ డాక్టరుగారు మామూలు జ్వరమే అన్నారు. మందు వేశాను. ఇప్పుడు నుదుటి మీద కొంచెం చెమట పట్టినట్టే ఉంది, లేక నా అరచేతి చెమటేనేమో తెలియడం లేదు. గ్యాస్ మనిషికి ఆ పూట తొందర పని ఉండి ఉంటుంది. లేదా ఆయన ఇంట్లోనూ ఒక చంటిబిడ్డ ఉండి, జ్వరం ఉన్న ఇంట్లో చెయ్యి చాపడానికి మనసు రాలేదేమో. అది మంచితనమే. ఆ మంచితనాన్నే నేను తట్టుకోలేకపోతున్నాను. రేపు పక్క వీధికి బండి వస్తుంది, నేనే పిలిచి ఇస్తాను. ఆయన తల గోక్కుంటూ నవ్వితే చాలు. నోటు గుమ్మం పక్కన ఉప్పు జాడీ కింద పెట్టి ఉంచాను.

సూర్యాపేట ఆయమ్మ ఎక్కడుందో తెలియదు. ఆ రోజు తెర వెనక మేం చూడలేని ఆ చిన్న ప్రాణం, మా అక్క కూతురు, ఇప్పుడు జడలు వేసుకుని బడికి పోతోంది. ఇన్నేళ్ళు మా గుమ్మం ముందు నుంచే నడిచిపోయాయి, ఒక్కటీ వెనక్కి తిరిగి తల గోక్కోలేదు. కాలం కూడా ఒక్కసారి తెర పక్కకు జరిపి, గాజుల చెయ్యి చాపి, "అందరూ బాగనే ఉన్నరు, ఏది నా ఖుషీ?" అని అడిగితే ఎంత బాగుండు!