సుగుణ సిస్టర్ చెప్పమన్న మాట

సుగుణ సిస్టర్ కన్నుమూసి ఆరు వారాలు దాటింది. అక్షరాలు నాకు కొత్తే, అయినా ఆమె గురించి ఆ వారమే రాసి ఉండేదాన్ని. సమాధి దగ్గర, చేతుల మట్టి కడుక్కోకముందే, ఆమె తమ్ముడు నా చేతిలో చెయ్యేసి మాట తీసుకున్నాడు. "నలభై దినాల కూడిక అయ్యేదాంక గా రోగం పేరు నీ నోట రావొద్దు, యాదమ్మా. మా బిడ్డకు సంబంధాలు చూస్తున్నం." మాటిచ్చాను. మొన్న ఆదివారం ఆ ప్రార్థన కూడిక అయిపోయింది. ఇక నా నోరు నాది.

ఒక గురువారం పొద్దున ఎల్బీ నగర్‌లో బస్సు దిగి, మెట్రో మెట్ల దగ్గర ఆమె కూలబడింది. గుండెపోటు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను పులిహోర కలుపుతున్నాను. చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి.

ఆమె ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, చంపాపేటలో కిరాయి గదిలో ఒంటరిగా ఉండేది. నేను చైతన్యపురిలో ఒక హాస్టల్‌లో వంటమనిషిని. ఎదురెదురుగా రెండు భవనాలు, ఒకటి ఆడపిల్లలకు, ఒకటి మగపిల్లలకు. ఇద్దరికీ ఒకటే వంటిల్లు. ప్రతి ఆదివారం మా హాస్టల్‌కు వచ్చి, భోజనాలయ్యాక బల్లలు జరిపించి, ఎయిడ్స్ ఎలా వస్తుందో, రాకుండా ఎలా కాపాడుకోవాలో సిస్టర్ చెప్పేది. మొదటి రోజు అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. చివరికి ఒక అబ్బాయి లేచాడు.

"గది మా నాయినోళ్ల కాలం రోగం గదా మేడం. ఇప్పుడెక్కడిది?"

"టీబీ మీ తాత కాలంది బిడ్డా. రిటైరైందా మరి?" అంది సిస్టర్. హాలంతా గొల్లుమంది. అయినా రెండో ప్రశ్న రాలేదు.

మరుసటి వారం బిస్కెట్ల డబ్బా మూతకు గంటు పెట్టి తెచ్చింది. పేరు రాయకుండా అడగాలనుకున్నది చీటీ మీద రాసి వేయమంది. డబ్బా ఎవరి దగ్గర ఉంటుందని పిల్లలు గుసగుసలాడారు. మేనేజర్ అంటే భయం. సిస్టర్ నా వైపు వేలు చూపించింది. "యాదమ్మ దగ్గరుంటది. ఆమెకు చదువు రాదు."

అంతమందిలో అలా అన్నందుకు నాకు ఒళ్లు మండింది. డబ్బాను విసురుగా తీసుకెళ్లి బియ్యం డ్రమ్ము మీద పెట్టాను. శనివారానికి అది నిండింది.

ఆ చీటీలు ఆమె చదువుతుంటే వింటున్న నాకు ఈ పిల్లలు కొత్తగా కనబడ్డారు. "మెడికల్ షాపాయన మా ఊరాయన. కండోమ్ అడిగితే సాయంత్రానికి మా నాయినకు ఫోన్ పోతది. ఎట్ల?" "టెస్టు చేస్తే ఇంటికి చెప్తరా?" "మంచి కుటుంబం అబ్బాయైతే భయం లేదు గదా?" ఒకరు ఇలా రాశారు: "మాకు సిగ్గు లేదని పెద్దోళ్లు అంటరు. మాకున్నదే సిగ్గు. అడగనీకి చోటు లేదు." సిస్టర్ దేన్నీ పక్కన పెట్టలేదు, ఎవరినీ వెక్కిరించలేదు. కండోమ్ ఎలా వాడాలో అరటికాయ తెచ్చి చూపించింది. ఆ కాయ మళ్లీ నాకే ఇచ్చి, "వేపుడు చెయ్, పారేయకు" అంది.

తర్వాత ఆదివారాలు గంట ముందే రావడం మొదలుపెట్టింది. "నీకు చదువు రాదని నా పని నడిపించుకున్న. గది తప్పు యాదమ్మా. నోటుబుక్కు పట్టు" అంది. ఉల్లిగడ్డలు కోస్తూ, కళ్లు తుడుచుకుంటూ యాభై నాలుగేళ్ల వయసులో గుణింతాలు దిద్దాను. నాకు మాటలు కూడబలుక్కోవడం వచ్చిన వారమే ఆమె పిల్లల ముందు నిలబడింది. "యాదమ్మకు చదువొచ్చింది. డబ్బా ఆమె దగ్గరుంచాల్నా వద్దా, మీరే చెప్పుండి." ఒక ఆడపిల్ల లేచి, "అన్నం పెట్టే చెయ్యి సిస్టర్. చదివినా కడుపులనే దాచుకుంటది" అంది. అటువంటి నిజాయితీ సిస్టర్‌ది. మళ్లీ చూస్తానా?

ఒకనాడు నా నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాసి, చేతులు కడుక్కునే మిషతో బయటికి వెళ్లింది. ఎవరి సాయం లేకుండా నేను చదివిన మొదటి వాక్యాలు అవే. "నాకు హెచ్ఐవీ ఉంది. పంతొమ్మిదేళ్లుగా రోజూ మందు వేసుకుంటున్నాను. బతికే ఉన్నాను. నేను పోయాక ఈ మాట పిల్లలకు చెప్పు."

తిరిగి రాగానే తెలివితక్కువగా అడిగాను. "ఎట్ల వచ్చింది సిస్టర్?"

"అందరు గదే అడుగుతరు. ఎట్ల బతికినవని ఒక్కరన్న అడగరు."

"పోయినంక ఎందుకు? మీరే చెప్పొచ్చు గదా!"

"చెప్తే కిరాయి గది ఖాళీ చెయ్యమంటరు. పిల్లలకు ధైర్యం చెప్తున్న గని, నాకే సాల్తలేదు."

ఆ రోజు ఆమె మీద వచ్చిన కోపం నాకు ఇంకా పోలేదు.

ఆఖరి ఆదివారం డబ్బాలో ఒక చీటీ వచ్చింది. "హెచ్ఐవీ ఉన్నోళ్లు ఎన్నేండ్లు బతుకుతరు? జవాబును బట్టి టెస్టుకు పోవాల్నా వద్దా అనుకుంటున్న." సిస్టర్ పైకి చదివి, చీటీని మడిచి నా చేతికిచ్చింది. "వచ్చే ఆదివారం చెప్త" అంది. తన సంగతే చెప్పాలనుకుందేమో. గురువారం పోయింది.

సమాధి చేసిన సాయంత్రమే ఇంటివాళ్లు ఆమె మందుల డబ్బాలు నల్ల కవర్లో కట్టి చెత్తబండిలో వేశారు. అడిగినవాళ్లకు గుండెపోటన్నారు. గుండెపోటు నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టి, ఆమె పంతొమ్మిదేళ్ల బతుకును దాచేశారు. కూడికలో హాస్టల్ యజమాని లేచాడు. "చాలా మంచావిడండీ. కానీ పిల్లలకి అవన్నీ అంత విడమరిచి చెప్పాలా అని నేను అప్పుడే అన్నానండీ. మా పిల్లలు అలాంటోళ్లు కాదు." అందరూ తలలూపారు.

అలాంటోళ్లంటే ఎవరు? సిస్టర్ అలాంటిదేనా? ఆ చీటీ రాసిన బిడ్డ అలాంటిదా, అలాంటివాడా? మీరు తలలూపుతుంటే ఆ బిడ్డ ఆరు వారాలుగా జవాబు కోసం చూస్తోంది. మాట నిలబెట్టుకున్నానని నేను మురిసిపోయిన ఆరు వారాలు! జవాబు నా నోటుబుక్కులోనే ఉంది. ఈ కోపంలో నా వాటా నాకుంది. ఆ చేతిరాత ఎవరిదో నేను వెతకలేదు, వెతకను. సిస్టర్ నేర్పిన పద్ధతి అది.

కూడిక మరునాడు పొద్దున ఉప్మా దించి, ఒక కాగితం మీద రాశాను. "సుగుణ సిస్టర్ హెచ్ఐవీతో పంతొమ్మిదేళ్లు బతికింది. రోజూ మందు వేసుకుంది. గుండెపోటుతో పోయింది. ఈ మాట చెప్పమన్నది ఆమెనే. టెస్టుకు పో బిడ్డా. తోడు కావాలంటే నేను వంటింట్లో ఉంటా." అన్నం మెతుకులతో నీళ్ల ఫిల్టర్ పక్కన అంటించాను. పిల్లలు ప్లేట్లు పట్టుకుని చదివారు. ఎవరూ నవ్వలేదు.

తొమ్మిదింటికి యజమాని వచ్చి చించేశాడు. చేతులు కడుక్కుని, మళ్లీ రాసి అంటించాను.