తెల్ల మూతల సీసాలు

మా మామగారికీ నాకూ మొదటి నుంచీ పడదు. దాచుకోవలసిన సంగతేమీ కాదు, వీధి చివర కూరలమ్మే మనిషికి కూడా తెలుసు. ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్ఫై రెండేళ్ళు వంట చేశారు. అక్కడ ఆయన్ని ‘గరిటె’ అనేవాళ్ళట. రిటైరైన మర్నాడే వచ్చి మా వంటింట్లో ఆ గరిటె పాతేశారు.

“పొయ్యి దగ్గర నిలబడ్డంత కాలమే నేను మనిషిని. ఆ తర్వాత మీరు నన్ను ఏ మూల పడేసినా ఒకటే” అన్నారు నాతో ఒకసారి. బెదిరిస్తున్నారనుకున్నాను.

వండడం బాగా వండేవారు, ఒప్పుకోక తప్పదు. రుచి మాత్రం చూసేవారు కాదు. ఐదొందల మందికి వండేవాడు గిన్నె గిన్నెకీ నాలుక పెడుతూ కూర్చుంటే భోజనాల గంట కొట్టేస్తారట. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని, బరువు చూసుకుని వేసేవారు. తేడా వచ్చేది కాదు.

శుభ్రం సంగతి మాత్రం అడక్కండి. చివరి రెండేళ్ళూ మరీ ఘోరం. పొయ్యి వెనక గోడంతా జిడ్డు. అల్మరా తలుపు ఒకటి ఒంటి మడతబందు మీద వేలాడుతూ ఉండేది. గట్టు అంచు ఒకచోట పెచ్చు ఊడింది. డబ్బాలు ఏ రెండూ ఒకలా ఉండవు, ఉప్పు డబ్బాకి పెద్ద సొట్ట. గ్యాస్ మీటకి ముడేసిన గుడ్డపీలిక ఒకటి. ఇవన్నీ ఒక ఎత్తు, టీ పోసేటప్పుడు కప్పు అంచు లోపల వేలు పెట్టడం ఒక ఎత్తు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

“మామయ్యా, ఆ వేలు తియ్యండి.”

“నా వేలు శుభ్రంగానే ఉందమ్మాయ్. నీ నోరే కాస్త కడుక్కో.”

మా ఆయన గోడమీది పిల్లి. వంటగది బాగుచేయిద్దామంటే నీళ్ళు నమిలారు. మేస్త్రీ వచ్చి చెప్పిన అంకె వినగానే ఆయనకి దగ్గొచ్చింది. సరే, నేనే చేస్తానన్నాను. మామగారు కూతురి దగ్గరికి ఐదు రోజులు వెళ్ళగానే ఆఫీసుకి సెలవు పెట్టాను.

మొదటి రోజంతా వేణ్ణీళ్ళు, చాకలి సోడాతో గోడలు తోమడమే సరిపోయింది. బ్రష్‌తో గోకితే జిడ్డు పొరలు పొరలుగా లేచింది. గరుకు కాగితంతో రుద్ది, గట్టు పెచ్చుకి లప్పం పూసి నున్నగా చేశాను. మడతబందులు మార్చాను, తలుపులకి చెక్క రంగు కాగితం అంటించాను. గోడలకి మా అన్నయ్య ఇంట్లో మిగిలిన తెల్లరంగు రెండు చుట్లు వేశాను. ఏడాదిగా పోగేసిన జామ్ సీసాలు పన్నెండు ఉన్నాయి. వాటి మూతలన్నిటికీ అదే రంగు వేసి, డబ్బాల్లోని సరుకులు వాటిలో నింపి, ఒకే వరసలో పెట్టాను. పొయ్యి కిటికీ కిందకి జరిపాను. గుడ్డపీలిక పారేశాను. సొట్ట డబ్బాలన్నీ పాతసామాన్ల వాడికి వేశాను. చేతులు బొబ్బలెక్కాయి గానీ, వంటగది చూసుకుంటే కడుపు నిండింది.

ఆదివారం మా ఆడపడుచు ఆయన్ని దిగబెట్టింది. ఆయన వంటగది గుమ్మంలోనే ఆగిపోయారు. గోడకి చెయ్యి ఆనించి, గాలి పీల్చారు. ఒక్క మంచి మాట వస్తుందేమోనని సిగ్గులేకుండా ఎదురుచూశాను.

“కంపు” అన్నారు.

“రంగు వాసన. రెండు రోజుల్లో పోతుంది.”

“నా డబ్బాలేవీ?”

“పారేశాను.”

ఆయన ముఖం మాడిపోయింది. చెప్పొద్దూ, నాకు సంతోషం వేసింది. ఈ పూట నేను వండుతానంటే చెవిన వేసుకోలేదు. కూతురికి తన చేత్తోనే వండిపెట్టాలట. లోపల సీసాలు ఢీకొంటున్న చప్పుడు వినిపిస్తుంటే, కావాలనే విసురుతున్నారనుకున్నాను.

భోజనానికి కూర్చున్నాం. మా ఆడపడుచు కూర ముద్ద నోట్లో పెట్టుకుని, ఉమ్మేసింది. గుప్పెడు పంచదార! ఉప్పన్నదే లేదు.

“అన్నీ ఒక్కలాంటి సీసాలు పెట్టి నన్ను నవ్వులపాలు చేస్తావా?” అని మామగారు నా మీద లేచారు.

“గాజు సీసాలే కదా! కళ్ళు కనిపించకపోతే కనిపించట్లేదని చెప్పండి!” అన్నాను.

తిట్టుగానే అన్నాను. పైన ఉన్నవాడి సాక్షిగా, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు. కానీ ఆయన తిరిగి తిట్టలేదు. అదే ముంచింది. మా ఆయన తండ్రి వైపు అదోలా చూసి, ఖాళీ చెయ్యి ఆయన ముందుకి చాపారు.

“నాన్నా, ఇదేమిటి?”

“స్పూను” అన్నారు మామగారు.

జిడ్డూ, పెచ్చూ, సొట్టా, గుడ్డపీలికా, కప్పులో వేలూ, అన్నీ నాకు ఒక్కసారే అర్థమయ్యాయి.

మర్నాడు డాక్టరు చూసి, కంటి నరం ఎండిపోయిందనీ, పోయిన చూపు ఇక రాదనీ చెప్పాడు. “ఇంక పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దు నాన్నా” అన్నారు మా ఆయన. పదేళ్ళలో ఆయన నోటి నుంచి వచ్చిన గట్టి మాట అదొక్కటే.

పాతసామాన్ల కొట్టుకి పరిగెత్తాను. డబ్బాలు అప్పటికే అప్పడాలై ఉన్నాయి. ఇంటికొచ్చి సీసాల మూతలు తిరగేసి, లోపలి నుంచి మేకుతో బొడిపెలు కొట్టాను. ఉప్పుకి ఒకటి, పంచదారకి రెండు, కారానికి మూడు. పొయ్యి పాత చోటికి లాగాను. మీటకి కొత్త పీలిక కట్టాను. నేను పూసిన లప్పాన్ని నేనే సుత్తితో ఊడగొట్టాను.

“ఒకసారి వచ్చి చూడండి మామయ్యా” అని పిలిచి, నాలుక కరుచుకున్నాను.

వచ్చారు. బొటనవేలితో మూతలు తడిమారు. గట్టు పొడవునా చెయ్యి జరిపి, పెచ్చు దగ్గర ఆపారు.

“మావాడు ఒప్పుకున్నాడా?”

“ఆయన్ని అడగలేదు. నేను చూసుకుంటాను.”

“నలుగురిలో నా పరువు తీసి, ఇప్పుడు చాటుగా బొడిపెలు కొట్టి ఇస్తావా? నీ వంటగది నువ్వే ఏలుకో” అని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ గడప దాటలేదు.

వచ్చిన వాళ్ళంతా వంటగది ఎంత బాగుందో అంటారు. ఎంతయిందని అడిగి, చెబితే నమ్మరు. మామగారు బల్ల దగ్గర కూర్చుని, నేను వడ్డించిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, రోజూ ఒకటే మాట అంటారు. “ఉప్పు తక్కువ.”

వండేటప్పుడు మూడుసార్లు రుచి చూస్తాను. సరిగ్గానే ఉందనిపిస్తుంది. ఆయన ఆ మాట అన్నాక ఒళ్ళు మండి, లోపలికెళ్ళి మళ్ళీ కొంచెం నోట్లో వేసుకుంటాను. ప్రతిసారీ తక్కువే ఉంటుంది.