తాపీ పట్టిన ఫోటో

బుచ్చమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని మాదాపూర్ సైటులో అందరికీ తెలుసు. ఆ కోపం దేనికో మాత్రం ఆమెకే తెలియదు. ఫోటోలు చూశాక తెలిసింది.

అవి హైటెక్ సిటీ అన్న మాట కొత్తగా పుట్టిన రోజులు. ఎటు చూసినా బండలు పేల్చడం, స్లాబులు పోయడం. పాలమూరు నుంచి వచ్చిన బుచ్చమ్మ అక్కడ తట్ట మోసేది. మొగుడు నర్సయ్య మేస్త్రి. ఆలుమగలు జోడీగా పనికి దిగితే మగవాడు గోడ కట్టాలి, ఆడది సిమెంటు, ఇసుక మాలు కలిపి అందించాలి. ఎక్కడి రివాజో ఏమో, ఆడదాని చేతికి తాపీ ఇవ్వరు. ఏం, ఇస్తే గోడ నిలబడనంటుందా?

సైటు ఆఫీసులో ఏలూరు నుంచి వచ్చిన షారోన్ అనే అమ్మాయి ఉండేది. పని ఎంతదాకా వచ్చిందో వారం వారం ఫోటోలు తీసి పైవాళ్లకు పంపడం ఆమె ఉద్యోగం. రీలు పూర్తయితే గానీ కడగడానికి ఇవ్వలేరు కదా, అందుకని రీలులో మిగిలిన ఫోటోలు కూలీలకు తీసేది.

"బుచ్చమ్మగారూ, ఒక్కసారి నవ్వండి."

"నవ్వేటందుకు ఏమున్నదమ్మా ఈడ?"

అలా అంటూనే, ఇచ్చిన ఫోటోలన్నీ తీసుకెళ్లి గుడిసె రేకు గోడకు మైదా బంకతో అంటించేది.

ఒకనాడు వాన పట్టుకుని పని ఆగిపోయింది. ఏమీ తోచక గోడ మీది ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. తట్ట మోస్తున్న ఫోటోలో ఆముదం తాగిన మొహం. బరువు కదా, అనుకుంది. తీరా చూస్తే, కొత్త చీర కట్టి మొగుడి పక్కన నిలబడ్డ ఫోటోలోనూ అదే ఆముదం! ఒక్కదాంట్లో మాత్రం పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. నర్సయ్య బువ్వ తింటుంటే అతని తాపీ తీసుకుని సరదాకి నాలుగు ఇటుకలు పేర్చిన రోజది. ఆ పిల్ల ఎప్పుడు తీసిందో కూడా చూసుకోలేదు.

"ఓసి నీ! ఇదా నా రోగం?" అని పైకే అనేసింది.

వాన వెలిశాక పనికి వెళ్లింది గానీ తట్ట ముట్టుకోలేదు. మొగుడి సంచిలోంచి పాత తాపీ తీసి గోడ దగ్గర నిలబడింది.

"ఏందే, మతి గిట్ల పోయిందా? తట్ట ఎత్తు" అన్నాడు నర్సయ్య.

"ఎత్తను. నేను గోడ కడ్త."

"నా పెండ్లాం తాపీ పడ్తె నా ఇజ్జత్ ఏం గావాలె? నలుగురు నవ్వరా?"

"నవ్వనీ. ఇన్నేండ్లు నీ ఇజ్జత్ నా నెత్తి మీదనే మోసిన. ఇగ నాతోని గాదు."

"మరి నీకు మాలు ఎవడు తెస్తడు? నీ తాత తెస్తడా?"

చుట్టూ పని ఆగిపోయింది. బుచ్చమ్మ తాపీ దించలేదు. అంతలో పక్క గుడిసె పోచమ్మ తట్ట నింపుకుని, నర్సయ్యను దాటి వచ్చి, బుచ్చమ్మ కాళ్ల దగ్గర దించింది.

"కట్టవే, సూస్త" అంది.

బుచ్చమ్మ కట్టింది. వరుస మీద వరుస, ఒళ్లు మరిచి కట్టింది. ఆ సంబరంలో, గోడ నిటారుగా లేస్తుందో లేదో దారం గుండు వేలాడదీసి చూడడమే మరిచింది! సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చి చూశాడు. గోడ వంకర పోయింది, విప్పెయ్యమన్నాడు.

నర్సయ్యకు ప్రాణం లేచొచ్చింది. "అయ్యిందా? నీ ముచ్చట తీరిందా? రేపటి సంది తట్ట ఎత్తుతవా?"

బుచ్చమ్మ ఇంకా ఆరని గోడను తన చేతులతోనే విప్పింది. ఒక్కో ఇటుకకు అంటిన మాలు తాపీతో గోకి, పక్కన పేర్చింది. ఆఖరి ఇటుక పెట్టాక నడుం నిటారు చేసి మొగుడి వైపు తిరిగింది.

"ఎత్తను. వంకరగ కట్టినా నాకు ఇంత ఖుషీగ ఉన్నది. సక్కగ కడ్తె ఎట్లుంటదో రేపు సూడాలె."