ఎవరి ఎంగిలి

అమెరికా వచ్చాక, సన్నీవేల్‌లో మొదటి ఎనిమిది నెలలు నన్నెవరూ దేనికీ పిలవలేదు. పిలవలేదని ఏడవడానికి చిన్నపిల్లాణ్ణి కాదు, ముప్పై ఒకటి దాటాయి. అయినా శుక్రవారం నాలుగున్నరకి టీమ్ అంతా లేచి ఆఫీసు వెనక ఉన్న చెక్కబల్ల దగ్గరికి పోతుంటే, నేను మానిటర్‌లో తల దూర్చి పని ఉన్నట్టు నటించేవాణ్ణి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. రోజంతా తమ తప్పులు ఎత్తిచూపేవాణ్ణి సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకోవాలని ఎవరికి మాత్రం ఉంటుంది? కొన్ని వారాలైతే, శుక్రవారం "సీ యూ" అన్నాక మళ్ళీ సోమవారం "మార్నింగ్" అనేదాకా నోరు తెరిచే పనే ఉండేది కాదు. ఒక్కోసారి గొంతు పనిచేస్తోందో లేదోనని స్నానం చేస్తూ దగ్గి చూసుకునేవాణ్ణి.

మా మేనేజరుది ఆస్ట్రేలియా. సెలవుకి ఇంటికెళ్ళి వస్తూ రెండు పెద్ద బీరు సీసాలు బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. అక్కడి ఒక పెద్ద బ్రూవరీ కొత్తగా దించిన లాగర్ రకం బీరట, ఇంకా అమెరికాకి రాలేదట. ఆ శుక్రవారం నా సీటు దగ్గర ఆగి, "నువ్వూ రావాలి, తప్పులు పట్టడంలో నీ తర్వాతే కదా ఎవరైనా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు కలిగిన సంతోషం చెప్పుకుంటే సిగ్గుచేటు. బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని, తల దువ్వుకుని మరీ వెళ్ళాను.

బల్ల చుట్టూ ఆరుగురం. గ్లాసులు లేవు. ఒక్కటే సీసా చేతులు మారాలి, ఎవరికి వాళ్ళు గుక్కెడు తాగి ఒక్క మాటలో రుచి చెప్పాలి. అది మేనేజరు పెట్టిన పద్ధతి. ఒకతను "బ్రెడ్" అన్నాడు. ఒకామె "గడ్డి" అంది. మా టీమ్‌లో నేను కాక ఇంకో తెలుగాయన ఉండేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద, సీనియర్. ఆయన పొడుగ్గా ఒక గుక్క లాగి, "స్మూత్" అని సీసా నాకందించాడు.

నేను సీసా పైకెత్తి, తల వెనక్కి వాల్చి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదు. మంచినీళ్ళయితే అలా తాగొచ్చుగానీ బీరు తాగకూడదని అప్పుడే తెలిసింది. నురగ పొంగి సగం ముక్కులోకి, సగం చొక్కా మీదికి పోయింది. రుచి మాట దేవుడెరుగు, దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళొచ్చాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఎందుకలా తాగావు?" అని మేనేజరు అడిగాడు.

తెలుగులో అయితే "ఎంగిలవుతుందని" అంటే సరిపోయేది. ఎవరి ఎంగిలి, ఎవరికి అని విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ మాటే లేదాయె. వెతికి వెతికి "బికాజ్ ఆఫ్ సలైవా" అన్నాను. ఉమ్మి వల్ల అన్నానేగానీ, ఎవరి ఉమ్మో చెప్పలేదు. బల్ల చుట్టూ నవ్వు ఆగిపోయింది. గడ్డి అన్నావిడ చేత్తో పెదవులు తుడుచుకుంది.

సీనియర్ నన్ను ఆదుకున్నాడు. మా వాళ్ళకి శుభ్రత పట్టింపు ఎక్కువనీ, ఒకరు నోరు పెట్టింది ఇంకొకరు ముట్టరనీ, తనలాంటివాళ్ళు ఇక్కడికొచ్చాక వదిలేశారుగానీ ఇతను పద్ధతిగల ఇంటి నుంచి వచ్చాడనీ వాళ్ళకి ఇంగ్లీషులో బ్రహ్మాండంగా చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి, "ఏం బ్రదర్, ఇంట్లో బాగా స్ట్రిక్టా? మా నాన్నమ్మ కూడా అంతే, ఎంగిలి తగిలిందంటే ఇల్లు పీకి పందిరేసేది. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా మనవాళ్ళే" అన్నాడు.

మనవాళ్ళు. ఎనిమిది నెలల్లో ఆ మాట వినడం అదే మొదటిసారి. కాదని ఎలా అనను? ఇతరుల ఎంగిలి తాగకూడదని మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నా ఎంగిలి ఎవరి గిన్నెకీ అంటకూడదని చెప్పింది. ఆమె నాట్లకీ కలుపులకీ వెళ్ళే ఆసాముల ఇళ్ళలో, మా పెదవి తగిలిన గ్లాసు మళ్ళీ లోపలికి పోయేది కాదు. ఎవరిచేతా మాట పడకూడదని చెంబుతో ఎత్తిపోసుకోవడం నాకు నేర్పింది, చుక్క కిందపడకుండా తాగేదాకా వదల్లేదు. ఇక్కడ వీళ్ళేమో తమ నోళ్ళని నేను అసహ్యించుకున్నాననుకుంటున్నారు. అది కాదని చెప్పాలంటే మేమెవరమో చెప్పాలి. చెప్పాక ఆ "మనవాళ్ళు" ఉంటుందో ఊడుతుందో తెలియదు. పిరికివాణ్ణి, తలూపి ఊరుకున్నాను.

తర్వాతి శుక్రవారం రెండో సీసా తీశారు. మేనేజరు మళ్ళీ పిలిచాడు. వెళ్ళి చూస్తే బల్ల మీద ఒకే ఒక్క ప్లాస్టిక్ గ్లాసు, దాని మీద మార్కరుతో నా పేరు.

"నేనే చెప్పి పెట్టించాను, నువ్వు ఇబ్బంది పడతావని" అన్నాడు సీనియర్. మేలు చేశాననే అనుకున్నాడు పాపం. వాళ్ళలో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నాకే ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం వచ్చి మళ్ళీ నాకు విడిగా గ్లాసా?

మేనేజరు తను ఒక గుక్క తాగి, నా గ్లాసులో పోయడానికి సీసా వంచుతున్నాడు. ఆయన చేతిలోంచి దాన్ని అందుకుని, సీసా మూతికి పెదవులు ఆనించి నిదానంగా తాగాను. దాని రుచి అప్పుడు తెలిసింది. చల్లగా, తేలిగ్గా, బార్లీ గంజిలా కాస్త తియ్యగా ఉంది, మింగాక నాలుక చివర చిన్న చేదు. నిజం చెప్పాలంటే గొప్పదేమీ కాదు. "గుడ్" అని వాళ్ళకి చెప్పి, సీనియర్ వైపు తిరిగాను.

"ఆ పట్టింపు మాది కాదండీ. మా ఎంగిలి తమకి అంటుతుందేమోనని ఊళ్ళోవాళ్ళది. మా ఇళ్ళు ఊరి బయట" అన్నాను.

ఆయనకి అర్థమైంది. కోపమేమీ రాలేదు, మొహంలో నవ్వు మాత్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది. "ఓ, అలాగా" అన్నాడు. సీసా ఆయనకి అందించాను, తీసుకున్నాడు. తాగవయ్యా బాబూ, ఒక్క గుక్క తాగు అని లోలోపల బతిమాలుకున్నాను. తాగితే ఈ దేశంలో నాకంటూ ఒక మనిషి ఉన్నట్టే.

"ఇవాళ వద్దులే, డ్రైవ్ చేయాలి" అని సీసా పక్కవాడికి ఇచ్చేశాడు.

పోయిన శుక్రవారం సీసా తిరిగొచ్చినప్పుడల్లా అందుకుని మొత్తం మూడు గుక్కలు తాగి, తనే డ్రైవ్ చేసి నన్ను ఇంటి దగ్గర దింపాడు.