బస్సులో పోయిందన్న నోటుపుస్తకం

తొమ్మిదేళ్ళుగా ఒక మాటను నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు, ఉమ్మలేదు. నలుగురితో నవ్వుతున్నప్పుడు కూడా అది నాలుక కిందే ఉంది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు చెప్పడం వచ్చు, రాయడం అంతంత మాత్రం. కానీ ఒకసారి విన్నది మరిచిపోను. మా క్రోసూరు వైపు ఎవరి పెళ్ళిలో ఏ కూర ముందు అయిపోయిందో ఇప్పటికీ నన్నే అడుగుతారు. ఆ జ్ఞాపకంతోనే నేను తప్పు చేశాను. అందుకే మీకు చెబుతున్నాను.

మా చెల్లెలి కూతురు కథల పుస్తకాలు రాస్తుంది. పేరు రాయను. పదమూడు పదిహేనేళ్ళ పిల్లలు చదివే నవలలు. వాళ్ళమ్మ పోయినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. అప్పటి నుంచీ నా దగ్గరే ఉంది.

అది రాయడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పొడుగు నోటుపుస్తకం, పెన్సిలు. కుడి పేజీలోనే రాస్తుంది. ఎడమ పేజీ ఖాళీ. 'అది నా అనుమానాలకు' అంటుంది. వారానికి రెండుసార్లు బడిపిల్లలు ఎక్కే సత్తెనపల్లి బస్సు ఎక్కి, పని లేకుండా చివరిదాకా పోయి, అదే బస్సులో తిరిగొస్తుంది. ఎందుకని అడిగితే, పిల్లలు ఈ ఏడాది ఏ మాటతో తిట్టుకుంటున్నారో వినాలంటుంది. ఒక్క తిట్టు కోసం పాతిక కిలోమీటర్లు! దేవుడు కూడా మనుషుల్ని ఇంత శ్రద్ధగా విని ఉంటాడా?

ఒక అధ్యాయం అయ్యాక నాకు చదివి వినిపించేది. నేను మిరపకాయల తొడిమలు తీస్తూ వినేదాన్ని. అది చదువుతూ నా చేతుల్ని చూసేది. ఎక్కడ నా చేతులు ఆగితే అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టేది. చేతులు ఆడుతూనే ఉంటే ఆ ముక్కలో ప్రాణం లేనట్టేనట. నా చేతులకు అంత విలువ ఎవరిచ్చారు? అదే ఇచ్చింది.

మొదటి నవల ముగింపుకు వచ్చింది. ఒకరోజు కొత్త అధ్యాయం చదివింది. అందులో ఒక పిల్ల. పదో తరగతి లెక్కల పరీక్ష రోజు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, మబ్బు పట్టింది, కూలీలు రాలేదు. ఆ పిల్ల పెద్దమ్మ సైకిల్ తాళం కొంగున ముడేసుకుని, కాయలు కుప్ప చేసి పట్టాలు కప్పితేగానీ కదలనివ్వనంది. చివరికి నాలుగు చినుకులు పడి వెలిసింది. పరీక్ష పోయింది.

ఆ పెద్దమ్మను నేనే. జరిగింది జరిగినట్టే రాసింది. హాల్ టికెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది కూడా. తరువాత సప్లిమెంటరీలో పాసయింది, ఆ రోజు గురించి ఒక్కనాడూ ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

నేను చేతులు ఆపలేదు. ఇంకా గబగబా తీశాను. అది నా చేతుల్ని చూసి, గీత పెట్టకుండా పుస్తకం మూసింది. నేను పట్టుబడనందుకు లోలోపల సంతోషించాను. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు అది బస్సుకు పోయింది. ఎప్పుడూ సంచిలో ఉండే నోటుపుస్తకం ఆ పూట ఇంట్లోనే ఉండిపోయింది. ఊరంతా చదువుతుంది, తల్లి లేని పిల్లను ఇట్లా చేసిందా అంటారు. నాకు అదొక్కటే వినపడుతోంది. నీళ్ళపొయ్యిలో మిరపకట్టె మండుతోంది. నోటుపుస్తకం మొత్తం అందులో పెట్టాను. ఆ ఒక్క అధ్యాయమే చింపొచ్చు కదా? ఆ ఆలోచన రాలేదు. భయానికి పేజీలు లెక్కపెట్టే ఓపిక ఉండదు.

అది బస్సులో మరిచిపోయాననుకుంది. అవునన్నాను. డిపోకు దాని వెంట నేనూ వెళ్ళాను. కండక్టరును నేనే అడిగాను, కళ్ళనీళ్ళు పెట్టుకుని. ఆ కన్నీళ్ళు అబద్ధం కూడా కాదు. అది ఎంత నరకమో మీకెట్లా చెప్పను?

పెన్సిలు ముట్టడం మానేసింది. అన్నం సగంలో లేచేది. నెల తిరిగేసరికి చూడలేక, నాకంతా గుర్తుంది, చెబుతాను రాసుకోమన్నాను. పదకొండు రోజులు చెప్పాను. దాని మాట దానికే, కామాతో సహా అన్నట్టు. అది రాస్తూ మధ్యలో నన్ను దేవతను చూసినట్టు చూసేది. ఆ చూపు కింద కూర్చోవడం ఎంత కష్టమో.

పదకొండో రోజు ఆ అధ్యాయం వచ్చింది.

"ఆ పొద్దు పిల్లకి కామెర్లు వచ్చినయి. మంచం దిగలేకపోయింది. పరీక్ష పోయింది," అన్నాను.

పెన్సిలు ఆగింది.

"ఇట్టాగే రాశానా పెద్దమ్మా నేను?"

"ఇట్టాగే చదివావే. ఏందే, నా గురుతు మీదే నీకు అనుమానమా?"

అది నా చేతుల్ని చూసింది. "నీ గురుతు ఎన్నడూ తప్పలా," అంది.

రాసుకుంది.

పుస్తకం అచ్చయింది. పిల్లలు ఉత్తరాలు రాస్తారు, అది నాకు చదివి వినిపిస్తుంది. మొన్న మాచర్ల నుంచి ఒక తొమ్మిదో తరగతి పిల్ల రాసింది: 'అందరూ మా ఇంట్లోవాళ్ళలాగే ఉన్నారు. ఆ కామెర్లు మాత్రం ఎవరో తెచ్చిపెట్టినట్టున్నాయి.' మా పిల్ల నవ్వింది. "గట్టి పిండమే పెద్దమ్మా, పట్టేసింది," అంటూ టీ పెట్టడానికి లోపలికి పోయింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. హాల్ టికెట్‌తో గుమ్మంలో నిలబడింది అదే కదా. ఆ రోజు గుర్తుండటానికి దానికి నోటుపుస్తకం ఎందుకు? కామెర్లు అబద్ధమని రాసుకుంటున్నప్పుడే తెలుసు. పుస్తకం ఏమయిందో కూడా తెలుసేమో. ఒక్క ముక్క కోసం అంత దూరం పోయే మనిషి, తన పుస్తకంలో నా అబద్ధాన్ని ఉండనిచ్చింది. నన్ను కాచిందా? నేనే చెబుతానని ఎదురు చూస్తోందా? దాని మనసు ఎంత లోతో నాకు అందదు. చూసేకొద్దీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది, భయమూ వేస్తుంది.

ఇంకొకటి ఉంది. కాలిపోయిన ఆ అధ్యాయం చివర అది ఇట్లా రాసింది: 'పెద్దమ్మ చెడ్డది కాదు. ఆకలి తెలిసినవాళ్ళు మబ్బును చూసే చూపు వేరు.' ఆ రోజూ విన్నాను. విని కూడా కాల్చాను. ఆ రెండు వాక్యాలు ఇప్పుడు కాగితం మీద ఎక్కడా లేవు, నా తలలోనే ఉన్నాయి. ఈమధ్య పేర్లు మరిచిపోతున్నాను. నాతోపాటు అవీ పోతాయని భయం పట్టుకుంది. అందుకే మొదట వాటిని రాసి, తరువాతే ఇదంతా రాశాను.

క్షమించమని అడగను. అది క్షమిస్తుందో లేదో నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. దాని పుస్తకమంతా నాకు కంఠతా వచ్చు. కానీ అందులో మాటలన్నీ దానివి. ఈ వంకర అక్షరాల్లో ఈ ఒక్క మాటే నాది.

కాల్చింది నేనే.